చచ్చినవాళ్ళు తిరిగొచ్చే బుధవారం

సూపర్ హీరోల బొమ్మల పుస్తకాలు అచ్చువేసే పెద్దమనుషులకు మన ఏరీ పట్నంలో, సరస్సు ఒడ్డున, ఒక కంచు విగ్రహం పెట్టించాలని నా కోరిక. నవ్వకండి. చావుకు మందు కనిపెట్టినవాళ్ళకు ఆ మాత్రం మర్యాద చెయ్యకపోతే మనం మనుషులమేనా?

డాక్టర్లు ఆ మందు కనిపెట్టలేకపోయారు. మా చర్చి ఫాదర్ గారు లోకం అంతమయ్యే రోజున అందరూ లేస్తారని మాట ఇస్తారు గానీ తేదీ మాత్రం చెప్పరు. వీళ్ళు అలా కాదు. మంచు మొదలైనప్పుడు చంపినవాణ్ణి మంచు కరిగేలోపు లేపి కూర్చోబెడతారు. లేచినవాడికి కొత్త బట్టలు కూడా కుట్టిస్తారు!

మన ‘ఇనుప పిచ్చుక’నే తీసుకోండి. నాకు తెలిసి అతను మంటల్లో పోయాడు, సముద్రంలో పోయాడు, ఒకసారి ఉప్పుబొమ్మగా మారి వానలో కరిగిపోయాడు. కరిగినవాడు ఎలా వచ్చాడంటారా? కరిగింది అతను కాదట, వేరే లోకంలో ఉన్న ఇంకో పిచ్చుకట. ఆ వేరే లోకంలోని పిచ్చుక భార్య ఏమైందో ఎవరూ రాయలేదు. నాకు మాత్రం ఆమె గురించి బెంగగానే ఉంటుంది.

ఇంత చేసినా పాఠకులు నిలవడం లేదని ఈ పెద్దమనుషులు దిగులు పడుతున్నారు. వాళ్ళు పడుతున్న పాట్లు చూసి కృతజ్ఞత లేనివాళ్ళు తిడుతున్నారు. నేను తిట్టను. ఆ పాట్లన్నీ మనకు వరాలే.

అంకె సంగతి చూడండి. పుస్తకం మీద పెద్ద అంకె ఉంటే కొత్తవాళ్ళు జడుస్తారట, ఇంత పాత కథలోకి ఎక్కడినుంచి దూరాలి అని. అందుకని ఏడాదికో రెండేళ్ళకో కథను మళ్ళీ ఒకటో సంచిక నుంచి మొదలుపెడతారు. ఒకటో సంచిక విరగబడి అమ్ముడుపోతుంది. రెండోది అందులో సగం. మూడోది వచ్చేసరికి ఆరంభశూరులంతా ఇళ్ళకు పోతారు. అప్పుడేం చేస్తారు? మళ్ళీ ఒకటి! ఇంత గొప్ప ఆలోచన మనకు రాలేదే అని సిగ్గుపడి, మొన్న పుట్టినరోజుకు నేను కూడా కేకు మీద ఒకే ఒక్క కొవ్వొత్తి పెట్టుకున్నాను. మోకాళ్ళకు ఈ సంగతి ఇంకా తెలియలేదు.

ఇక అట్టలు. లోపల కథ ఒక్కటే, పైన అట్టలు మాత్రం బట్టలకొట్టు అద్దాల్లో వేలాడేసిన గౌన్లలా రకరకాలు. అన్నీ కొని, ప్లాస్టిక్ తొడుగులో పెట్టి, తెరవకుండా దాచేవాళ్ళు ఉన్నారు. తెరిస్తే విలువ పోతుందట. వాళ్ళను వెక్కిరించకండి. చదివితే కదా నచ్చకపోవడానికి!

కథ ఒక పుస్తకంలో మొదలై, నడుము ఇంకో హీరో పుస్తకంలో, కాళ్ళు మరో హీరో పుస్తకంలో తేలడం కూడా నాకు ఇష్టమే. ముసలితనంలో బుర్రకు పని ఉండాలన్నారు. నా బుర్రకు ఇప్పుడు పని తప్ప ఇంకేమీ లేదు.

నాకు ఈ పుస్తకాల మీద ఇంత ప్రేమ ఎందుకో చెప్పాలి. మా అమ్మ జబ్బు పడ్డప్పుడు నన్ను బడి మాన్పించారు. మా అన్న కాసిమిర్, ఇంట్లో కాజ్ అనేవాళ్ళం, చేపల పడవలో పనికి పోయేవాడు. వస్తూ వస్తూ ఎవరో పారేసిన బొమ్మల పుస్తకాలు తెచ్చేవాడు. ఆ బొమ్మల పక్కన మాటల బుడగల్లో ఉన్నవే నేను నేర్చుకున్న అక్షరాలు. బుడగల్లో అన్నీ ఇంగ్లీషు పెద్ద అక్షరాలే, క్యాపిటల్సే, ఉంటాయని మీకు తెలుసు. లోకంలో చిన్న అక్షరాలు కూడా ఉన్నాయని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఈనాటికీ నేను సరుకుల చీటీ రాస్తే కొట్టువాడు నేను కేకలు వేస్తున్నాననుకుంటాడు.

ఒక శరత్కాలపు గాలివానలో కాజ్ పడవ సరస్సులో మునిగింది. మనిషి దొరకలేదు. బొమ్మల పుస్తకాల్లో ఒక చట్టం ఉంది: శవం కనిపించలేదంటే ఆ మనిషి చావలేదు. ఆ చట్టం నాకు కంఠస్థం. మా పోలిష్ ఇళ్ళల్లో క్రిస్మస్ ముందు రాత్రి, రాని అతిథి కోసం బల్ల మీద ఒక కంచం ఖాళీగా పెడతాం. మిగతా ఇళ్ళల్లో అది ఆచారం. మా ఇంట్లో అది కాజ్ కంచం. తలుపు చప్పుడైతే ఇప్పటికీ నా చేతిలో గరిటె ఆగుతుంది.

సరే, పత్రికవాళ్ళు నాకిచ్చింది ఏడుపు కాలమ్ కాదు. బుధవారానికి వద్దాం.

కొత్త పుస్తకాలు వచ్చేది బుధవారమే. స్టేట్ వీధిలో డెన్నీ షాపు ఉంది. ఒకప్పుడు బుధవారం పొద్దున అక్కడి వరస పక్కనున్న పిజ్జా కొట్టు దాకా సాగేది. ఇప్పుడు ముగ్గురం నిలబడతాం, అందులో ఒకాయన బస్సు కోసం వచ్చినవాడు. షాపు ఎక్కడ మూసేస్తాడో అన్న భయంతో నేను తలుపు తీయకముందే వెళ్ళి అద్దంలోంచి చూస్తుంటాను. సినిమా చూసిన కుర్రాళ్ళు వస్తారు, బొమ్మ ఉన్న చొక్కా కొంటారు, పోతారు. పుస్తకం వైపు చూడరు. అది సినిమా చూసి రాసిందేమో అని ఒకడు డెన్నీని అడిగాడు.

నిలకడగా వచ్చేవాళ్ళ కోసం గల్లా వెనక డెన్నీ అట్టడబ్బాలు పెట్టాడు. ఒక్కో డబ్బా మీద ఒక్కో పేరు. మన పుస్తకాలు అందులో తీసిపెట్టి ఉంచుతాడు. నా డబ్బా పక్క డబ్బా ఆర్విల్ గేన్స్‌ది. రైలింజన్ల కర్మాగారంలో పనిచేసి రిటైరైన మనిషి. పొడుగ్గా ఉంటాడు, నోరు మంచిది కాదు. ఎన్నో ఏళ్ళుగా బుధవారాలు మేమిద్దరం ఆ షాపు బల్ల దగ్గర కూర్చుని పోట్లాడుకున్నాం. పెళ్ళిళ్ళు కూడా అంతకాలం నిలవవు.

మొన్న వేసవిలో ఇనుప పిచ్చుక మళ్ళీ ఒకటో సంచికయ్యాడు. ఆర్విల్ అక్కడే నిలబడి దాన్ని చివరి పేజీ దాకా తిప్పాడు. మూసి, గల్లా మీద పెట్టాడు.

“డెన్నీ, నా డబ్బా తీసెయ్.”

“ఏమైంది సార్? అట్ట నలిగిందా? ఇంకోటి ఇస్తాను.”

“అట్ట కాదురా. మిణుగురు లేచొచ్చింది.”

మిణుగురు అంటే పిచ్చుకకు తోడుగా ఎగిరే పిల్ల. అంకెలు ఇలా వెనక్కి తిప్పడం మొదలుకాకముందు, రెండు వందల పన్నెండో సంచికలో చచ్చిపోయింది. అందరూ లేచినా ఆ ఒక్కపిల్లే లేవలేదు. ఇన్నేళ్ళూ మంచుపెట్టెలో నిద్రపోయిందని ఇప్పుడు రాశారు.

“సంతోషించక ఏడుస్తావేం ముసలోడా? పోయినపిల్ల వచ్చింది” అన్నాను నేను.

“నీకేం తెలుసు? నువ్వు ఆ సంచిక చదివితే కదా.”

అది నిజమే. అది వచ్చిన నెల మా చెల్లెలికి బాగాలేక క్లీవ్‌లాండ్‌లో ఉన్నాను. తిరిగొచ్చేసరికి ఒక్క కాపీ మిగల్లేదు. తర్వాత మళ్ళీ అచ్చేశారు గానీ, చివరి బొమ్మలో ఆ పిల్ల చిటికెనవేలు కదిలినట్టు గీత మార్చారు, ముందుముందు పనికొస్తుందని. అసలుది ఆర్విల్ దగ్గర ఉంది. ఎన్నిసార్లు అడిగినా “నీ చేతికి నెయ్యి ఉంటుంది” అని ఇవ్వలేదు.

ఆ రోజు వెళ్ళిపోయినవాడు తర్వాతి బుధవారం రాలేదు. ఆ తర్వాతా రాలేదు. ఫోన్ చేస్తే “బతికే ఉన్నాను, పెట్టెయ్” అంటాడు. డెన్నీ డబ్బా తీసెయ్యలేదు, ఖాళీగా ఉంచాడు. ఆ ఖాళీ డబ్బా చూస్తే నాకు ఇంట్లో కంచం గుర్తొచ్చేది.

అప్పుడు నేను మన పెద్దమనుషులనే గురువులుగా పెట్టుకున్నాను. పాఠకుణ్ణి వెనక్కి తేవడానికి వాళ్ళు ఏం చేస్తారో అదే చేశాను. మొదట కొత్త అట్ట: జుట్టుకు రంగు వేయించుకుని అతని ఇంటి ముందు నడిచాను. కిటికీలోంచి చూసి, “మీ అమ్మాయి వచ్చిందా జీనీ?” అని నవ్వి తెర వేసేశాడు. తర్వాత ఉచిత కానుక: జామ్ పెట్టిన బిస్కెట్లు చేసి పంపాను. తిన్నాడు, ఖాళీ డబ్బా పంపాడు. ఇక మిగిలింది ఒక్కటే. అమ్మకాలు పడిపోయినప్పుడు వాళ్ళు ఏం చేస్తారు?

చంపుతారు.

“మిస్ జీనీ, నా వల్ల కాదు. నాకు అబద్ధం చెప్తే చెవులు ఎర్రబడతాయి” అన్నాడు డెన్నీ.

“ఫోన్‌లో చెవులు కనబడవు నాయనా. నేను పోయానని చెప్పు. బుధవారం షాపులో నాలుగు మంచిమాటలు చెప్పుకుంటున్నాం, రమ్మను.”

“పాపం తగుల్తుందండీ.”

“షాపు అద్దె కట్టేది పుణ్యంతోనా?”

ఫోన్ చేశాడు.

బుధవారం పొద్దున నేను బల్ల దగ్గర నిమ్మకాయ కేకు తింటూ కూర్చున్నాను. పుల్లగా బాగుంది. తలుపు గంట మోగింది. ఆర్విల్ నల్ల సూటులో వచ్చాడు. ఆ సూటు అతని భార్య పెర్ల్ పోయినప్పుడు కుట్టించిందని నాకు తెలుసు, ఇప్పుడు వదులుగా వేలాడుతోంది. చేతిలో ఒక పుస్తకం. ప్లాస్టిక్ తొడుగు లేదు.

నన్ను చూశాడు. నేను కేకు ముక్క చూపించి “తింటావా?” అన్నాను. అదొక్కటే తోచింది.

కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. “శవం చూడకుండా నమ్మాను. ఇన్నేళ్ళు ఈ పుస్తకాలు చదివి, శవం చూడకుండా నమ్మాను” అన్నాడు. “ఒరే డెన్నీ, నీ చెవులేంట్రా అంత ఎర్రగా ఉన్నాయి?”

డెన్నీ అట్టల సర్దుడులో మునిగిపోయాడు.

“ఆర్విల్, నువ్వు రావడం లేదని...”

“నువ్వు మాట్లాడకు. నువ్వు చచ్చిపోయావు.” పుస్తకం బల్ల మీద పెట్టి దాని మీద చెయ్యి ఉంచాడు. “మిణుగురు పోయిన నెలలోనే పెర్ల్ పోయింది. కర్మాగారంలో మగాళ్ళు ఏడవకూడదు కదా. భోజనాల బల్ల దగ్గర ఈ పుస్తకం తెరిచి ఏడ్చేవాణ్ణి. ఏంట్రా గేన్స్ అంటే, ఈ పిల్ల చచ్చిపోయిందిరా అనేవాణ్ణి. పగలబడి నవ్వేవాళ్ళు. నవ్వితే నవ్వారు, ఏడవనిచ్చారు. ఇప్పుడు ఆ పిల్ల చావలేదంట. మరి నేను ఏడ్చిందేంటి జీనీ?”

నా నోట్లో కేకు ఉంది.

“నీ శవపెట్టెలో పెడదామని తెచ్చాను. ఇన్నేళ్ళు అడిగావు కదా. నువ్వేమో కేకు తింటున్నావు.” పుస్తకం నా వైపు తోశాడు. “చదివి ఇచ్చెయ్. తర్వాత వచ్చినవేవీ చదవకు. ఇంకో మాట. ఈసారి నువ్వు నిజంగా పోయినా నేను నమ్మను. పెట్టె మూత తీసి చూపించినా నమ్మను. మంచు కరిగాక వస్తుందిలే అని ఇంట్లో కూర్చుంటాను. కాబట్టి అది తిరిగిచ్చేదాకా చావకు.”

బస్సులోనే చదివాను. పెద్ద అక్షరాలు, సన్నటి పుస్తకం. చివరి బొమ్మలో చిటికెనవేలు కదల్లేదు. నేను దిగాల్సిన చోటు దాటిపోయింది, బస్సు సరస్సు దాకా వెళ్ళిపోయింది. ఇన్నేళ్ళలో మొదటిసారి, నీళ్ళ వైపు చూస్తూ, కాజ్ ఇక రాడని ఏడ్చాను. డ్రైవరు “ఏమైందమ్మా?” అన్నాడు. “ఈ పిల్ల చచ్చిపోయింది నాయనా” అన్నాను.

అందుకని, విగ్రహం సంగతి కాస్త ఆపుదాం. అయ్యా పెద్దమనుషులూ, మీ కొత్త అంకెలు, మీ రంగురంగుల అట్టలు మీరే ఉంచుకోండి. ఒక్కణ్ణి, ఒక్కసారి, చచ్చిపోనివ్వండి. పాఠకులు ఎందుకు నిలవడం లేదని అడుగుతారు. మా చేత ఏడిపించి, ఆ ఏడుపు ఉత్తదే అని తేల్చినవాడి గడప మేం మళ్ళీ ఎందుకు తొక్కుతాం? నేను కూడా ఆ పనే చేశానంటారా? చేశాను. కానీ మీలా మంచుపెట్టె కథ చెప్పలేదు, కేకు పెట్టాను.

అయితే పాఠకుణ్ణి నిలుపుకునే మందు ఒకటి నాకు దొరికింది. ఉచితంగా చెబుతాను. అతని పుస్తకం అరువు తీసుకోండి. ఇవ్వకండి.

ఆర్విల్ ప్రతి బుధవారం వస్తున్నాడు. కొనడానికి కాదు, వసూలుకు. డబ్బా మాత్రం ఖాళీగానే ఉంది, పేరు చెరపొద్దన్నాడు. మంచు పడినా వస్తాడు, వచ్చి నా ఎదురుగా కూర్చుని టోపీ దులుపుతాడు.

“అయిందా?”

“ఎక్కడ. నేను నెమ్మదిగా చదువుతానని నీకు తెలుసుగా. నాలుగో పేజీలో ఉన్నాను.”

“నాలుగో పేజీలో ఆ పిల్ల ఇంకా బతికే ఉంటుంది కదూ?”

“ఉంది. ఎగురుతోంది.”

“అయితే తొందరేం లేదు” అంటాడు.