మృత బ్యాటరీల పునరుజ్జీవన పథకం

"మా ప్రభుత్వంలో ఏ బ్యాటరీ చావడానికి వీల్లేదు" అని పరిశ్రమల మంత్రి గంభీరంగా ప్రకటించారు. ఇప్పటికే చచ్చినవాటి సంగతేమిటని ఒక విలేకరి అడిగితే, అవి గత ప్రభుత్వంలో చచ్చాయని సెలవిచ్చారు. పథకం పుట్టింది.

పుట్టాక, బ్యాటరీని బతికించడం తెలిసిన మనిషి కోసం శాఖంతా గాలించారు. నూట నలభై మంది ఉద్యోగుల్లో ఒక్కరికీ ఆ విద్య రాదు. చివరికి అందరూ జేడీ గారనే జాయింట్ డైరెక్టరు స్వయంగా, ఊరంతా బ్యాటరీ అక్క అని పిలిచే ఆమె కొట్టుకు దయచేశారు.

వైర్లేని డ్రిల్లులకు, రంపాలకు బ్యాటరీలు విప్పి తిరిగి కట్టడం పన్నెండేళ్ళుగా అక్క పని. ఆరడుగుల కొట్టులో ఒక బల్ల, సెల్లులకు నికెల్ పట్టీ అతికే చిన్న వెల్డింగ్ మిషను, మీటరు, పేర్లు రాసి పెట్టిన వడ్రంగుల బ్యాటరీలు. వాటిలో ఒకటి ఆమె మేనమామది. అది లేక ఆయన ఒకరింట్లో చేస్తున్న వంటింటి అలమారాలు నాలుగు రోజులుగా తలుపుల్లేకుండా నిలబడ్డాయి. ఆ ఇంటావిడ రోజుకు మూడుసార్లు ఫోన్ చేసి తిడుతోంది.

"ఎలా బతికిస్తావో ఒక్క ముక్కలో చెప్పమ్మా" అన్నారు జేడీ గారు.

"లోపల పది సెల్లులుంటాయి సార్. ఒకటి చచ్చినా మొత్తం మూలనపడుతుంది. దాన్నొక్కదాన్నే మారిస్తే లాభం లేదు. పాతవి కలిసి కొత్తదాన్నీ పాడుచేస్తాయి. పదీ పీకెయ్యాలి."

జేడీ గారి మొహం పాలిపోయింది. "ఈ మాట మంత్రిగారి ముందు అనకు తల్లీ. క్యాబినెట్లో మార్పులుంటాయని అసలే ఆయనకు నిద్ర పట్టడం లేదు."

వెళుతూ వెళుతూ, సిద్ధంగా ఉన్న పదకొండు బ్యాటరీలనూ ప్రదర్శన కోసం జీపులో వేయించుకున్నారు. అక్క అడ్డుపడింది. "వడ్రంగులవి సార్! పనులాగిపోతాయి."

"వాళ్ళ కోసమేనమ్మా పథకం" అన్నారాయన, జీపెక్కుతూ.

సాయంత్రం మేనమామ వచ్చాడు. "నా బ్యాటరీ ఏదే?"

"ఎగ్జిబిషన్‌కెళ్ళింది మావయ్యా."

"నన్నే ఎవడూ పిలవలేదు. దాన్ని పిలిచారా!"

శుక్రవారం ఇద్దరూ ఆ ప్రదర్శనకు వెళ్ళారు. మంత్రిగారు డ్రిల్లుతో తన ఫోటో ఉన్న బోర్డుకు చిల్లుపెట్టి పథకాన్ని ప్రారంభించాలని ఏర్పాటు. అయితే వాడేసిన బ్యాటరీ మంత్రిగారి చేతిలో పేలితే? జేడీ గారు దూరదృష్టి గల మనిషి. గోడౌన్లో మూడేళ్ళుగా సీలు విప్పకుండా భద్రపరిచిన సరికొత్త బ్యాటరీ తెప్పించి, దానిమీద 'పునరుజ్జీవితం' అని స్టిక్కరు వేయించారు. ఛార్జింగు పెట్టాలని ఏ సర్క్యులర్లోనూ లేదు.

మంత్రిగారు మీట నొక్కారు. డ్రిల్లు కిక్కురుమనలేదు. పళ్ళు బిగించి మళ్ళీ నొక్కారు. కెమెరాలన్నీ ఆయన చెమటను తీస్తున్నాయి. జేడీ గారు నేల చూపులు చూస్తున్నారు.

అక్క చూడలేకపోయింది. మంత్రిగారి కోసం కాదు, తన పని నవ్వులపాలవుతోందని. గబగబా వేదికెక్కి, అక్కడ బల్లమీద ప్రదర్శనకు పేర్చిన వాటిలోంచి మావయ్య బ్యాటరీ తీసి డ్రిల్లుకు తగిలించింది. డ్రిల్లు గర్రుమంది. ఉలిక్కిపడ్డ మంత్రిగారు బోర్డు మీద తన ముక్కుకే చిల్లు పెట్టారు. చప్పట్లు మోగాయి.

"అది నాదే!" అని కింద మేనమామ అరిచాడు. అక్కకు గుండె నిండిపోయింది.

మర్నాడు పేపర్లో జేడీ గారికి ప్రశంసాపత్రం. పదకొండు బ్యాటరీలూ శాశ్వత ప్రదర్శనకు. సోమవారం అక్కకు నోటీసు: అనుమతి లేని వాడేసిన బ్యాటరీని మంత్రివర్యుల చేతికందించిన నేరానికి కొట్టు సీలు చేయబడును.

అక్క నోటీసు మడిచి మీటరు కింద పెట్టింది. ఎదురుగా బెంచీ మీద మేనమామతో కలిపి నలుగురు వడ్రంగులు కూర్చునే ఉన్నారు. ప్రదర్శనకు పోయినవాటికి బదులు వాళ్ళకు మళ్ళీ కట్టివ్వాలి. పని ఆపలేదు.

మధ్యాహ్నం జేడీ గారు ఇద్దరు మనుషులతో వచ్చారు. సీలుకు గొళ్ళెం బిగించాలని తలుపుకు చిల్లు పెట్టబోయారు. సగం చిల్లు పడగానే వాళ్ళ డ్రిల్లు ఆగిపోయింది. ఊపి చూశారు. తట్టి చూశారు.

జేడీ గారు తల లోపలికి పెట్టారు. "మూసేశామని పొద్దున్నే రిపోర్టు పంపేశానమ్మా. దీన్ని కాస్త చూసిపెట్టు."

అక్క బ్యాటరీని మీటరుకు తగిలించి చూసింది. "పదీ మార్చాలి సార్. ముందు నలుగురున్నారు. కూర్చోండి."

మేనమామ కొంచెం పక్కకు జరిగాడు. జేడీ గారు సీలు వెయ్యడానికి తెచ్చిన లక్క, కొవ్వొత్తి ఒళ్ళో పెట్టుకుని బెంచీ చివర కూర్చున్నారు.