మూత లేని బండికి మూత

"డెబ్బై ఏండ్ల సంది పేదోని చేతికి డీజిల్ వాసన పోలే. ఇయ్యాల్టితోని పోతది" అని గ్రామీణ రవాణా ఉత్తేజ సంస్థ చైర్మన్ నర్సింగరావు గారు కేసముద్రం మార్కెట్ యార్డులో మైకు పట్టుకొని ప్రకటించారు. ముందు వరుసలో కూర్చున్న రైతులు కొందరు తమ అరచేతులు వాసన చూసుకున్నారు. పత్తి వాసన తప్ప ఏమీ రాలేదు. అయినా పెద్దమనిషి అంత దూరం నుంచి వచ్చి చెబుతున్నాడు కదా అని చప్పట్లు కొట్టారు.

సంగతేమిటంటే, సంస్థ ఇవ్వబోయే పికప్ బండ్లకు డీజిల్ ట్యాంకు మూత ఉండదు. బంకులో పంపు గొట్టం గుచ్చితే లోపలి చిన్న రేకు తనంత తానే తెరుచుకుంటుంది, గొట్టం తీస్తే తనంత తానే మూసుకుంటుంది. దీన్ని ఇంగ్లీషులో క్యాప్‌లెస్ అంటారు. చైర్మన్ గారు ఆ మాటను ఆ ఒక్క పూటే ఇరవై మూడు సార్లు అన్నారు. మూత విప్పే పని లేదు, బిగించే పని లేదు, బంకులో మరిచిపోయి వచ్చేది లేదు, పోయిన మూత జాగాలో పాత గుడ్డ కుక్కేది లేదు. మూత అనేది బానిసత్వానికి గుర్తు అని కూడా సెలవిచ్చారు. రెండేళ్ల కింద ఆయన సొంత కారు మూతను జనగామ బంకులో మరిచి భూపాలపల్లి దాకా వెళ్లిపోయారట. ఆ గాయంలోంచే ఈ పథకం పుట్టిందని సంస్థ పాంప్లెట్‌లో ఉంది. పెద్దవాళ్ల బాధ ఊరికే పోదు మరి.

మొదటి బండి గూడూరు మండలం గుట్టకింది తండా జైపాల్‌కి వచ్చింది. జైపాల్ హైదరాబాద్‌లో ఎనిమిదేళ్లు పరాయివాళ్ల ఆటో నడిపినవాడు. తనదని చెప్పుకొనే నాలుగు చక్రాల కోసం మూడేళ్లు దరఖాస్తులు పెట్టాడు. అతన్ని స్టేజీ మీదికి పిలిచారు. సంతకం పెట్టమన్న కాగితంలో రెండే షరతులున్నాయి. ఒకటి, అరవై రోజుల్లో బండి ఐదు వందల కిలోమీటర్లు తిరగాలి. రెండు, ఆ అరవై రోజుల్లో బండిలో ఏ భాగాన్నీ విప్పరాదు, పగలగొట్టరాదు, పెయింటు మీద గీత పడరాదు. దేంట్లో తప్పినా బండి వాపస్. ఐదు వందల కిలోమీటర్లు నాకు వారం రోజుల పని అనుకొని జైపాల్ నవ్వుతూ సంతకం పెట్టాడు.

ఇక ప్రారంభోత్సవం. రిబ్బన్ కత్తిరించడం పాతబడిపోయిందనీ, మూతలేని విధానాన్ని చైర్మన్ గారు స్వహస్తాలతో మూత తీసి ప్రారంభిస్తే జనంలోకి సందేశం పోతుందనీ ప్రాజెక్టు ఆఫీసర్ ఉమేష్‌కి ఆలోచన వచ్చింది. మంచి ఆలోచనే. బండికి మూత లేకపోవడం ఒక్కటే దానికి అడ్డు. ఉమేష్ చిన్న అడ్డంకులకు ఆగే ఆఫీసర్ కాదు. పొద్దున్నే యార్డు వెనక పాత ఇనుప సామాన్ల దుకాణంలో ఒక ట్రాక్టర్ మూత సంపాదించి, బంగారు రంగు వేయించి, ట్యాంకు నోటి మీద అతికించాడు. చైర్మన్ గారి చెయ్యి పడకముందే ఊడిపోతే పరువు పోతుందని పైపులు అతికించే రెండు ట్యూబుల గమ్ము పూర్తిగా వాడాడు.

చైర్మన్ గారు మూత పట్టుకొని తిప్పారు. రాలేదు. రెండు చేతులా తిప్పారు. బ్యాండు వాళ్లు వాయిస్తూనే ఉన్నారు. మూడోసారి టైరుకు కాలు తన్నిపెట్టి గుంజారు. అప్పుడు ఫొటోగ్రాఫర్ జాలిపడి, పట్టుకొని నవ్వండి సార్ చాలు అన్నాడు. చైర్మన్ గారు నవ్వారు. మర్నాడు పేపర్లో "మూత తొలగించిన చైర్మన్" అని ఫొటో వచ్చింది.

షోరూమ్ వాళ్లు పోసి పంపిన కాస్త డీజిల్ గూడూరు అడవి అంచు దాకా వచ్చింది. అక్కడ బండి ఆగింది. మీటరు మీద ఇరవై కిలోమీటర్లు. జైపాల్ అక్క మొగుడు దేవ్యా ట్రాక్టర్ తెచ్చి, తాడు కట్టి తండాకి గుంజుకొచ్చాడు. జైపాల్ తల్లి జమ్లీ బండికి పసుపు కుంకుమ పెట్టి, చుట్టూ తిరిగి చూసి, బంగారు మూత మీద చెయ్యి వేసింది.

"మంచిగనే ఉన్నది. తీసుడెట్ల?" అన్నది.

ఈ ఒక్క ప్రశ్నను అర్థం చేసుకోవడానికి మూడు జిల్లాల ఆఫీసులకు తర్వాత నెల రోజులు పట్టింది.

జైపాల్ మొదట మహబూబాబాద్‌లో ఉమేష్ దగ్గరికి పోయాడు. ఉమేష్ కుర్చీ చూపించి, మంచినీళ్లు తెప్పించి, అర్జీ రెండుసార్లు చదివాడు. ట్యాంకు మూత రావడం లేదు, డీజిల్ పోయలేకపోతున్నాను, తమరు దయతో తీయించగలరు అని ఉంది అందులో.

"జైపాల్, మీ బండి క్యాప్‌లెస్. దానికి మూత లేదు. లేని మూత ఎట్ల ఇరుక్కుంటది?"

"మీరే అతికిచ్చిండ్రు కద సార్."

"అది మూత కాదు. అది ప్రోగ్రాం. ప్రోగ్రాం అయిపోయింది."

జైపాల్ జేబులోంచి పేపర్ ఫొటో తీసి బల్ల మీద పెట్టాడు. ఉమేష్ కింది అక్షరాల మీద వేలు పెట్టి, మూత తొలగించిన చైర్మన్ అని నెమ్మదిగా చదివాడు.

"పేపర్లనే తొలగించిండ్రని ఉన్నది. తొలగించలేదని నువ్వంటున్నవ్. చైర్మన్ సార్‌తోని కాలేదని రాసిస్తవా? రాసియ్యి, పైకి పంపుత."

జైపాల్ రాసివ్వలేదు. పోనీ పథకంలో ఇది ఒక ఇబ్బంది అని ఎక్కడన్నా ఎక్కించమని అడిగాడు. ఉమేష్ సానుభూతితో లాభనష్టాల రిపోర్టు తీసి చూపించాడు. లాభాలు అనే గడి కింద పేజీ నిండా ఖాళీ గీతలున్నాయి. నష్టాలు అనే గడిలో ఒకటే గీత. దాని మీద "లేవు" అని ముందే ప్రింటై వచ్చింది. ఖాళీ ఉంటే తప్పకుండా రాసేవాణ్ణే అని ఉమేష్ అన్నాడు. నిజంగానే బాధపడ్డాడు కూడా.

జనగామ షోరూమ్ మెకానిక్ రాకేష్ మాత్రం ఫోన్లో ఫొటో చూసి చాలాసేపు నవ్వాడు. ఈ రకం ట్యాంకుతో తిప్పలు తనకు తెలుసన్నాడు. రేకు సందులో దుమ్ము పట్టి గట్టిగవుతుంది, క్యాన్‌తో పోయాలంటే సీటు కింద పెట్టిచ్చిన పొడుగు గరాటు ఉండాలి, మామూలు గరాటుకి తెరుచుకోదు. ఇవన్నీ కంపెనీ పుస్తకంలో రాసున్నాయి. గమ్ముతో అతికిస్తే ఏం చేయాలో మాత్రం రాయలేదు. "కంపెనోళ్లకు గంత దూరం ఆలోచన పోలేదన్నా" అన్నాడు. ఉలి పెట్టి కొడితే రెండు నిమిషాల పని, కాని మూతతో పాటు పెయింటు లేస్తుంది. కింద నుంచి పైపు విప్పవచ్చు, కాని అదీ విప్పినట్టే. జైపాల్ షరతుల కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. తన బండి తనకు రావాలంటే దాన్ని తను ముట్టుకోకూడదని అతనికి అప్పుడు తెలిసింది.

భూపాలపల్లిలో సంస్థ సాంకేతిక విభాగం ఉంది. అక్కడివాళ్లు గౌరవంగా విని, ఫైలు తెరవడానికి విషయం పేరు కావాలన్నారు. "మూత లేని వాహనానికి మూత తీయుట" అని పేరు పెడితే పైవాళ్లు తమకు పిచ్చి పట్టిందనుకుంటారని భయపడ్డారు. ఒకాయన ఓదార్పుగా ఇంకో సంగతి చెప్పాడు. మొగుళ్లపల్లిలో రెండో బండికి గోధుమపిండి ఉడికించి మూత అతికించారట. చైర్మన్ గారి ప్రసంగం మధ్యలోనే అది ఊడి కింద పడి, దొర్లుకుంటూ స్టేజీ ముందుకు వచ్చిందట. సార్ బాగా నొచ్చుకున్నారు. అప్పటి నుంచి మళ్లీ రెండు ట్యూబుల గమ్మే వాడుతున్నారు. అనుభవం నుంచి నేర్చుకోవడమంటే ఇదే.

జైపాల్ తండాకి తిరిగొచ్చేసరికి ముప్పై రోజులు అయిపోయాయి. బండి ఇంటి ముందు కడిగిన ముత్యంలా ఉంది. జమ్లీ రోజూ దుమ్ము తుడుస్తున్నది. మీటరు అదే ఇరవై మీద ఉంది. ఆ సాయంత్రం జైపాల్ అన్నం ముట్టలేదు.

పత్తి ఏరుతున్న రోజులు. దేవ్యా ట్రాలీ ఇరుసు విరిగి మూలకు పడింది. మర్నాడు పొద్దున వచ్చి బండి పక్కన గొంతుకూర్చున్నాడు.

"జైపాల్, నా తాన ఇంజను ఉన్నది, ట్రాలీ లేదు. నీ తాన ట్రాలీ ఉన్నది."

"అది ట్రాలీ కాదు బావా. బండి."

"సరే, బండే. తాడు ఉన్నది కద."

జైపాల్‌కి కోపం వచ్చింది. ఎనిమిదేళ్లు పరాయి ఆటోలు నడిపింది ట్రాక్టర్ వెనక వేలాడడానికా అనిపించింది. కాని లోపలికి పోయి షరతుల కాగితం మళ్లీ చదివాడు. ఐదు వందల కిలోమీటర్లు తిరగాలని ఉంది. ఎవరు గుంజాలో రాసి లేదు. తాళం చెవి తిప్పి పెడితే, ఎవరు గుంజినా చక్రాలతో పాటే మీటరు తిరుగుతుందని ఆటోలు నడిపిన రోజుల నుంచే అతనికి తెలుసు.

ఆ తర్వాత పదకొండు సార్లు గుట్టకింది తండా నుంచి కేసముద్రం దాకా ముందు దేవ్యా ట్రాక్టర్, వెనక పత్తి నిండిన కొత్త పికప్, అందులో స్టీరింగ్ పట్టుకొని జైపాల్. పోనూ రానూ యాభై కిలోమీటర్లు. ఇంజను నడవక బ్యాటరీ దిగిపోయేది; చార్జింగ్‌కి దాన్ని తీస్తే విప్పినట్టవుతుందని, వారానికోసారి గూడూరులో చార్జింగ్ మిషన్నే బండి దగ్గరికి తెప్పించేవాడు. దారి పొడుగునా జనం నవ్వారు. మార్కెట్లో లారీ డ్రైవర్లు చుట్టూ మూగి, కొత్త బండి మైలేజీ ఎంత ఇస్తున్నదన్నా అని అడిగారు. ముందున్నదాన్ని అడగమని జైపాల్ ట్రాక్టర్ వైపు చూపించాడు. మొదటి మూడు ట్రిప్పులు తల దించుకున్నాడు. నాలుగో ట్రిప్పు నుంచి మీటరు చూడడం మొదలుపెట్టాక సిగ్గు దానంతట అదే తగ్గింది.

అరవయ్యో రోజు చైర్మన్ గారు, ఉమేష్, ఫొటోగ్రాఫర్ తండాకి వచ్చారు. జైపాల్ ముందు జాగ్రత్తగా రెండు నెలల కింద తెచ్చిపెట్టుకున్న డీజిల్ క్యాన్, సీటు కింది పొడుగు గరాటు తుడిచి గోడకు ఆనించి పెట్టాడు. ఇవాళ్టితో షరతు తీరుతుంది. సార్లు అటు పోగానే ఉలి పట్టుకుంటాడు.

ఉమేష్ చుట్టూ తిరిగి చూశాడు. ఒక్క గీత లేదు. మీటరు చూశాడు. ఐదు వందల డెబ్బై. అతని ముఖం వెలిగింది. డీజిల్ బిల్లులు అడిగాడు.

"లేవు సార్. ఒక్క చుక్క పోయలే" అన్నాడు జైపాల్. అబద్ధం చెప్పి బండి నిలబెట్టుకోవడం అతనికి ఇష్టం లేదు.

చైర్మన్ గారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

"ఉమేష్, ఐదు వందల డెబ్బై కిలోమీటర్లు. ఒక్క చుక్క పోయలే. రాస్తున్నవా?"

ఉమేష్ లాభాల గడిలో గబగబా రాస్తున్నాడు. జైపాల్ గాభరాపడి, ట్రాక్టర్‌తోని గుంజిండ్రు సార్, అదిగో తాడు అని చూపించాడు. దేవ్యా మర్యాదగా తాడు పైకెత్తి పట్టుకున్నాడు కూడా.

ఉమేష్ పెన్ను ఆపి, "ట్రాక్టర్ మన స్కీమేనా?" అని అడిగాడు.

"కాదు సార్. మా బావది."

"అయితే మన రిపోర్టుల రాదు."

ఫొటోగ్రాఫర్ చైర్మన్ గారిని ఒకసారి మూత మీద చెయ్యి వేయమన్నాడు. ఆయన వేశారు. అరవై రోజుల ఎండకూ, గూడూరు రోడ్డు గుంతలకూ గమ్ము ఎప్పుడు పట్టు వదిలిందో ఏమో, మూత మెత్తగా ఊడి ఆయన చేతిలోకి వచ్చింది. పెయింటు పొట్టు కూడా లేవలేదు. కింద చిన్న రేకు కొత్తగా మెరుస్తున్నది. తండా అంతా చప్పట్లు కొట్టింది. జైపాల్‌కి కళ్లలో నీళ్లు తిరిగాయి. పరుగెత్తుకెళ్లి క్యాన్, గరాటు పట్టుకొచ్చాడు.

"ఆగు" అన్నారు చైర్మన్ గారు. "ఏం చేస్తున్నవ్?"

"డీజిల్ పోస్త సార్."

"రికార్డు చెడగొడుతవా?"

డీజిల్ లేకుండా ఐదు వందల డెబ్బై తిరిగిన బండి రాష్ట్రంలో ఇంకోటి లేదనీ, దీన్ని నమూనా వాహనంగా ప్రకటిస్తున్నాననీ, ఇది ఎంత దూరం పోతుందో సంస్థ ఏడాది పాటు చూస్తుందనీ ఆయన అక్కడికక్కడే చెప్పారు. ఎవరూ పొరపాటున కూడా ఇందులో చుక్క డీజిల్ పోయకుండా జాగ్రత్త తీసుకోవాలన్నారు. ఉమేష్ అప్పటికే జేబులోంచి రెండు ట్యూబులు తీశాడు. మూత మళ్లీ దాని జాగాలో కూర్చుంది. దాని మీద ఈసారి సంస్థ సీలు కూడా పడింది. తర్వాత చైర్మన్ గారు బానెట్ మీద కాగితం పెట్టి సంతకం చేసి జైపాల్ భుజం తట్టారు.

"బండి నీదే. ఎవ్వడు గుంజుకోడు."

గంట సేపు మూత ముట్టుకోవద్దని చెప్పి ఉమేష్ కారెక్కాడు. దుమ్ము అణిగాక జమ్లీ దగ్గరికొచ్చి, పెద్దసారు ఏమన్నడని తమ భాషలో అడిగింది. బండి మనదేనన్నడని జైపాల్ చెప్పాడు. ఆమె కొంగుతో బంగారు మూత తుడవబోయి, గంట మాట గుర్తొచ్చి చెయ్యి వెనక్కి తీసుకుంది.

జైపాల్ క్యాన్ తీసుకెళ్లి దేవ్యా ట్రాక్టర్‌లో పోశాడు. గరాటు మళ్లీ సీటు కింద పెట్టాడు. తాడు చేతిలోకి తీసుకొని, రెండు కొసలూ చూసి, మధ్యలో పోగులు లేచిన చోట వేలుతో నొక్కాడు.

"బావా, గిది ఏడాది ఆగదు. రేపు కేసముద్రంల ఇనుపది చూద్దాం" అన్నాడు.