భర్త పేరు: ఖాళీ

ఆ బుధవారం ఉదయం జగన్నాథరావు పెట్టుకున్నవి చిన్న పనులే. వంటమనిషికి ఎంతమంది వస్తారో చెప్పాలి, అరిటాకులు పురమాయించాలి, తొమ్మిదిన్నరకల్లా రామచంద్రపురం హైస్కూల్లో తొమ్మిదో తరగతికి లెక్కల పాఠం మొదలుపెట్టాలి. వచ్చే ఆదివారం అతని భార్య సూర్యకళ సంవత్సరీకం. ఉత్తరాలు సోమవారమే పోస్టులో వేశాడు కాబట్టి కష్టమైన భాగం గడిచిపోయిందనుకున్నాడు.

ఆ ఉత్తరాల వెనక ఒక తప్పు బరువు ఉంది. సూర్యకళ పదిహేనేళ్ళపాటు ప్రతి కార్తీకంలోనూ బస్సు మాట్లాడి, చుట్టుపక్కల ఊళ్ళ ఆడవాళ్ళను అన్నవరం కొండకు తీసుకెళ్ళేది. ఆమె పోయినప్పుడు వాళ్ళకు కబురు వెళ్ళలేదు. ఎవరికి చెప్పాలో అతనికి తెలియదు. తరువాత వచ్చిన కార్తీకంలో ఒక తెల్లవారుజామున నలుగురు ఆడవాళ్ళు సంచులతో గేటు దగ్గరకొచ్చి, బస్సు ఎన్నింటికండీ అని అడిగారు. అతను చెప్పవలసి వచ్చింది. నలుగురూ సంచులు కింద పెట్టి అక్కడే కూర్చుండిపోయారు. సంవత్సరీకానికైనా ఒక్కరినీ వదలకుండా పిలవాలని, వాళ్ళు వచ్చి ఆమె పేరున ఒక ముద్ద తినాలని ఆ రోజే అనుకున్నాడు.

ఆమె రాసుకున్న నోటుపుస్తకం దేవుడి అలమారలో దొరికింది. నూట పన్నెండు పేర్లు. ప్రతి పేరు పక్కనా ఊరు, ఊరు పక్కన ఒక చిన్న మాట. "బస్సులో కడుపు తిప్పుతుంది, ముందు సీటు." "మోకాళ్ళు నొప్పి, మెట్లెక్కించకూడదు." "ఉల్లి తినదు. పెడితే మొహమాటానికి తింటుంది, పెట్టకూడదు."

స్కూలుకు అయిదేళ్ళ కిందట ఒక కంప్యూటరు వచ్చింది. దాని మీద గుడ్డ తీసే ధైర్యం చేసినవాడు జగన్నాథరావు ఒక్కడే. మార్కుల జాబితాలు దానికి ఎక్కిస్తూ ఎక్కిస్తూ అతనికి పట్టికలంటే గౌరవం ఏర్పడింది. అడ్డవరస ఒక మనిషి. నిలువు వరస ఆ మనిషి గురించి అడగవలసిన ఒక ప్రశ్న. వరసలో ఎక్కిన మనిషి ఇంక తప్పిపోడని అతని నమ్మకం. నెల రోజులు సాయంత్రాలు కూర్చుని నోటుపుస్తకమంతా ఎక్కించాడు. పద్ధతి కోసం ఒక నిలువు వరస తను కలిపాడు: భర్త పేరు.

సూర్యకళ అది రాసుకోలేదు. కొండెక్కింది ఆడవాళ్ళు, ఆమెకు ఆ అవసరం పడలేదు. ఒక్క మరిడమ్మ అనే ఆవిడ దగ్గర మాత్రం "భర్త సత్తియ్య పేరున అర్చన" అని ఉంది. తోటి ఉపాధ్యాయుల భార్యలు, వీధిలోవాళ్ళు కలిసి ఇంకో పద్దెనిమిది మంది భర్తలు అతనికి తెలుసు. మిగిలిన తొంభై మూడు గడులు నిదానంగా కనుక్కుని నింపుదామని ఖాళీగా వదిలాడు.

ఇంతలో మండపేట నుంచి అక్కగారు సంపూర్ణమ్మ దిగింది. ఆవిడ భర్త పోయి ఇరవై ఏళ్ళు. మర్యాదల విషయంలో ఆవిడకు ఏ పట్టికా అక్కర్లేదు.

"ఆడవాళ్ళకి రాసేటప్పుడు సంబోధన చూసుకోరా. భర్త ఉన్నవాళ్ళకి సౌభాగ్యవతి అని రాయాలి. లేనివాళ్ళకి గంగాభాగీరథీ సమానులైన అని రాయాలి. నాకెవరైనా పొరపాటున సౌభాగ్యవతి అని రాస్తే ఆ పూట అన్నం సయించదు."

నూట పన్నెండు సార్లు ఆలోచించడం దేనికని జగన్నాథరావు ఆ పని యంత్రానికి అప్పజెప్పాడు. భర్త గడిలో పేరుంటే సౌభాగ్యవతి. ఖాళీగా ఉంటే గంగాభాగీరథీ సమానులైన. అతనికి అది సబబుగానే తోచింది. అచ్చయి వచ్చినవాటిలో మొదటి ఆరు ఉత్తరాలు చదివి చూశాడు. ఆరూ తోటి ఉపాధ్యాయుల భార్యలవి. ఎక్కడా తప్పు లేదు. మిగిలినవి మడతపెట్టి కవర్లలో పెట్టాడు.

తప్పు దొరికే అవకాశం ఒకసారి వచ్చి వెళ్ళింది. ముత్తైదువలకు పసుపు కుంకుమలతో జాకెట్టు ముక్కలు పెట్టాలి, ఎంతమంది ఉంటారని సంపూర్ణమ్మ అడిగింది. అతను యంత్రాన్ని అడిగి వచ్చి పందొమ్మిది అన్నాడు.

"నూట పన్నెండు మందిలోనా?"

"అంతేనక్కయ్యా. లెక్క నాది కాదు, మిషన్ది."

 "ఈ కష్టం మనకే అనుకున్నాంరా" అంది సంపూర్ణమ్మ. ఇరవై ఒక్క ముక్కలు తెప్పించింది.

ఆ సాయంత్రం జగన్నాథరావు అరుగు మీద కూర్చుని ఆ తొంభై మూడు ఇళ్ళ గురించి ఆలోచించాడు. చుట్టూ ఇంత దుఃఖం ఉందని, అయినా అందరూ పొలానికీ బజారుకీ మామూలుగానే తిరుగుతున్నారని అతనికి అంతవరకు తెలియదు. ఏడాదిలో మొదటిసారి తను ఒంటరివాణ్ణి కాదనిపించింది. ఆ పూట మారు అన్నం కూడా పెట్టించుకున్నాడు.

బుధవారం ఉదయం గేటు ముందు మోటారు సైకిలు ఆగింది. వచ్చినాయన ద్రాక్షారామంలో వ్యవసాయం చేసే పల్లంరాజు. ఎత్తయిన మనిషి, చేతిలో కవరు. లోపలికి రమ్మంటే రాలేదు.

"మాస్టారూ, నన్నోసారి సరిగ్గా చూడండి."

"చూస్తున్నానండి."

"ఎలా ఉన్నానండి?"

"బాగానే ఉన్నారండి."

"ఊపిరీ అదీ ఆడుతోందంటారా?"

వచ్చిన మనిషి ఏదో పెద్ద దుఃఖంలో ఉన్నాడని జగన్నాథరావుకు అర్థమైంది. కవరు మీద వెంకటదుర్గ గారి పేరు ఉంది. ఆ తొంభై మూడు ఇళ్ళలో ఒకటి. అతను గొంతు తగ్గించాడు.

"వెంకటదుర్గ గారు మీకేమవుతారండి?"

"భార్యండి."

వింటున్నదేమిటో ఇంకా అతని బుర్రకెక్కలేదు. ఇలాంటప్పుడు ఏమని అడుగుతారో ఈ ఏడాదిలో చాలామంది నోట విన్నాడు కాబట్టి అదే అడిగాడు.

"ఎప్పుడు జరిగిందండి?"

 "నిన్న మూడింటికండి, టపా వచ్చాక" అని పల్లంరాజు ఉత్తరం విప్పి, మొదటి మాట మీద వేలు పెట్టాడు. "నేను భోంచేస్తున్నానండి. మా ఆవిడ ఇది చదివి నా ఎదురుగా కూర్చుని ఏడ్చింది. పెరుగులోకి వచ్చేదాకా ఎవరి గురించో నాకు తెలీలేదు."

జగన్నాథరావు సైకిలెక్కి స్కూలుకు వెళ్ళి గుడ్డ తీశాడు. తొంభై మూడు గడులు తెల్లగా వరసగా ఉన్నాయి. సున్నా వేరు, ఖాళీ వేరు అని ప్రతి జూన్‌లోనూ అతను పిల్లలకు చెబుతాడు. సున్నా అంటే లెక్కపెట్టి చూస్తే ఏమీ లేదని. ఖాళీ అంటే ఎవరూ లెక్కపెట్టలేదని. తనకు తెలియకపోవడాన్ని యంత్రం చేత వాళ్ళు లేకపోవడంగా రాయించాడు. స్కూల్లో సెలవు పెట్టి పోస్టాఫీసుకు వెళ్తే ఉత్తరాలన్నీ నిన్ననే చేరిపోయాయని చెప్పి, త్వరగా పంపినందుకు మెచ్చుకోలు కోసం ఎదురుచూశారు.

ఇంటికొచ్చి అక్కగారితో చెప్పాడు. ఆవిడ పొయ్యి ఆర్పి వచ్చి కూర్చుంది.

"అది పుణ్యస్త్రీగా వెళ్ళిందిరా. దాని పేరు చెప్పి ఊళ్ళో అందరి బొట్లూ తుడిచావు. ఇంక ఆదివారం ఎవరొస్తారు?"

అతను భయపడింది కూడా అదే. దిద్ది మళ్ళీ ఉత్తరాలు పంపుతానన్నాడు. ఇంక ఆ మిషన్ ముట్టుకోవద్దని, ఇంటింటికీ వెళ్ళి చెప్పి రమ్మని ఆవిడ అంది. గడప దాటుతుంటే వెనకనుంచి, చెప్పేటప్పుడు కాస్త నవ్వుమొహంతో చెప్పమని కూడా అంది. అది అతను విన్నాడు గాని, ఆ అలవాటు తప్పి ఏడాదయింది.

మొదట వెళ్ళింది కాలవ అవతలి ఊళ్ళో లోవమ్మ ఇంటికి. ఆమె భర్త చిట్టియ్య కొబ్బరికాయల లారీ మీద వెళ్ళి నాలుగు రోజులు. ఫోను లేదు. నిన్న ఉత్తరం వచ్చిన దగ్గర్నుంచి ఇరుగుపొరుగు కూడి, ఇదేదో పొరపాటు, లారీ వాళ్ళు ముందు కబురు పంపకుండా ఉంటారా అని చెప్పి చెప్పి ఆమెను దాదాపు ఒప్పించారు. కాఫీ కూడా తాగించారు. సరిగ్గా అప్పుడు లెక్కల మాస్టారు వాకిట్లో సైకిలు దిగి, చెప్పులు విడిచి, తల వంచుకుని నిలబడ్డాడు.

"అమ్మా, నన్ను క్షమించాలి. మీ ఆయన గురించి మీకెలా చెప్పాలో తెలియడం లేదు."

ఇల్లంతా ఒక్కసారి గొల్లుమంది. ఆయన ఉన్నారు, ఉన్నారు అని జగన్నాథరావు అంటూనే ఉన్నాడు. ఒక ముసలాయన అతని చెయ్యి పట్టుకుని, "ఉన్నాడు సరే, ఏ ఆస్పత్రిలో ఉన్నాడు బాబూ?" అని అడిగాడు. ఒకరు వ్యాను మాట్లాడడానికి పరుగెత్తారు. ఇంకొకరు మంచం వాకిట్లోకి తెచ్చారు.

పదకొండు గంటల బస్సు దిగి నడిచివస్తున్న ఒకాయన ఆ జనాన్ని చూసి, తలకు చుట్టిన తువ్వాలు తీసి చంకలో పెట్టుకుని, వెనకవరసలో నిలబడ్డాడు. ఆడవాళ్ళ ఏడుపు విని ఆయనకూ కళ్ళు చెమర్చాయి. పక్కనున్న జగన్నాథరావును నెమ్మదిగా అడిగాడు.

"ఎవరండీ?"

"ఈ ఇంటాయన చిట్టియ్య గారండి. కానీ ఆయనకేమీ కాలేదండి."

ఆయన కాస్త ఆలోచించాడు. "కాలేదనే నేనూ అనుకుంటున్నానండి" అన్నాడు.

తరువాత జరిగినది జగన్నాథరావు ఎవరికీ పూర్తిగా చెప్పలేదు. లోవమ్మ ముందు భర్తను తిట్టింది, తరువాత మాస్టారిని తిట్టింది, మాస్టారి తరువాత ఉత్తరాన్ని తిట్టడానికి దాన్ని మళ్ళీ చేతిలోకి తీసుకుంది. నిన్నటినుంచి పదిమంది చదివినా మొదటి మాట దాటి ఎవరూ కిందకు వెళ్ళలేదు. ఆమె ఇప్పుడు వెళ్ళింది. చదువుతూ చదువుతూ ఆగిపోయింది.

"సూర్యకళ గారు పోయారా అండీ?"

అతను తల ఊపాడు. ఆ ఇంట్లో మళ్ళీ ఏడుపు మొదలైంది. ఈసారి ఎవరని ఎవరూ అడగలేదు. బస్సులో కడుపు తిప్పే తనకు పదేళ్ళపాటు ముందు సీటు ఉంచిందని లోవమ్మ అందరికీ చెప్పింది. చిట్టియ్య తన కోసం వేసిన మంచం మీదే మాస్టారిని కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చాడు.

శనివారానికి అతను నలభై రెండు ఇళ్ళు తిరగగలిగాడు. దాదాపు ప్రతి ఇంట్లోనూ ముందు తిట్లు, తరువాత భర్తను పిలిచి చూపించడం, తరువాత కాఫీ. ఆదివారం భోజనానికి రండమ్మా అని పిలవడానికి మాత్రం ఎక్కడా నోరు రాలేదు. తిరగని ఇళ్ళు సగానికి పైగా ఉండిపోయాయి.

ఆదివారం తంతు పదకొండున్నరకు ముగిసింది. పంతులుగారు వెళ్ళారు. వేసిన ఆకుల ముందు వీధిలోవాళ్ళు ఎనిమిదిమంది కూర్చున్నారు. వంటమనిషి గుండిగ వైపు, సంపూర్ణమ్మ తమ్ముడి వైపు చూశారు. 

పన్నెండింటికి ద్రాక్షారామం బస్సు వచ్చింది. దాని వెనక రెండు వ్యాన్లు, ఒక ట్రాక్టరు. ఆడవాళ్ళందరూ వచ్చారు. మాట ఇంక కాయితం మీద వదలకూడదని మొగుళ్ళున్నవాళ్ళు వాళ్ళను కూడా వెంటబెట్టుకొచ్చారు. ఒక్కొక్కరే జగన్నాథరావు ముందు ఆగి, ఈయనండీ మా ఆయన అని చూపించి లోపలికి వెళ్ళారు. పల్లంరాజు తన వంతు వచ్చినప్పుడు గట్టిగా ఊపిరి పీల్చి వదిలి చూపించాడు. అన్నం మూడుసార్లు వండించారు. జాకెట్టు ముక్కలు పావుగంటలో అయిపోతే సంపూర్ణమ్మ సూర్యకళ పెట్టె తెరిచింది. పదిహేనేళ్ళ పేరంటాలవి అందులో దొంతరగా ఉన్నాయి. తీసుకున్నవాళ్ళలో చాలామంది, ఇది నేను పెట్టిందే అని గుర్తుపట్టి, కళ్ళకద్దుకుని తీసుకున్నారు.

పంక్తులు ముగిశాక సముద్రం ఒడ్డు పల్లె నుంచి రెండు బస్సులు మారి మరిడమ్మ వచ్చింది. వెంట ఎవరూ లేరు. నుదుట బొట్టు లేదు. పేరు చెప్పగానే జగన్నాథరావుకు ఆ వరస గుర్తొచ్చింది. నోటుపుస్తకంలో ఉన్న ఒకే ఒక భర్త పేరు అది.

"మీకూ తప్పు రాశానమ్మా. మీకు సౌభాగ్యవతి అని వచ్చి ఉంటుంది. దిద్ది ఇంకోటి పంపుతాను."

"దిద్దకండి బాబుగారూ" అంది మరిడమ్మ. కవరు కొంగున కట్టి ఉంది. "తొంభై ఆరు తుపానుకి సముద్రం మీద ఏటకెళ్ళాడండి. పడవా రాలేదు, మనిషీ రాలేదు. ఆపీసోళ్ళు పోయాడని రాసేసుకున్నారు. అమ్మగారు మాత్రం ఏటా కొండ మీద ఉన్న మనిషి పేరు చెప్పినట్టే సత్తియ్య పేరు చెప్పించేవోరు. ఉండనియ్యండి, ఒక్క కాయితంలోనన్నా."

సంపూర్ణమ్మ వంటింట్లో ఉంది. పెట్టెలో ఒక్క ముక్క మిగిలింది. జగన్నాథరావు దాని మీద పసుపు, కుంకుమ, రెండు అరటిపళ్ళు పెట్టి మరిడమ్మ చేతికిచ్చాడు. ఆవిడ తిని, ఆకు మడిచి, సాయంత్రం బస్సుకు వెళ్ళిపోయింది.

సోమవారం స్కూలు వదిలాక అతను కంప్యూటరు ముందు కూర్చున్నాడు. డెబ్బై తొమ్మిది గడుల్లో పేర్లు నింపి, ప్రతిదాని పక్కనా "స్వయంగా చూశాను" అని రాశాడు. పద్నాలుగు గడుల్లో, అడిగి తెలుసుకున్నాక, లేరు అని రాశాడు. సత్తియ్య పేరు దగ్గర కాసేపు ఆగి, అలాగే ఉంచాడు. యంత్రం అభ్యంతరం చెప్పలేదు. అక్కగారికి అతను చెప్పలేదు.