మహాగాయని ఆయ్ గారి సమగ్ర ధ్వని భాండాగారం

ఒక పాత వస్తువు పూర్తిగా అంతరించిపోవాలంటే దాన్ని ఎవరూ పట్టించుకోకపోతే చాలదు. అటక మీద పడేస్తే వందేళ్ళయినా అలాగే పడి ఉంటుంది, మొండిది. దాన్ని పద్ధతి ప్రకారం పరిరక్షించాలి. అందుకొక విభాగం, విభాగానికొక సంచాలకుడు, సంచాలకుడికొక ఏసీ గది కావాలి. రాజమండ్రి పొలిమేరల్లోని ఉభయతీర విశ్వవిద్యాలయం (ఈ పేరు నేను పెట్టిందే, అసలు పేరు రాస్తే వాళ్ళు నన్ను కూడా పరిరక్షిస్తారు) గ్రంథాలయంలో ఈ మూడూ సమకూరాయి.

వెనకటికి ఒక ప్రొఫెసర్ గారు టేపు రికార్డరు భుజాన వేసుకుని, గోదావరి రేవులన్నీ తిరిగి, పడవల వాళ్ళూ వలల వాళ్ళూ పాడుకునే పాటల్ని క్యాసెట్లకెక్కించారు. ఆయన పోయారు, క్యాసెట్లు మిగిలాయి. వాటిని డిజిటైజ్ చెయ్యమని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. అంతకుముందు తాళపత్రాలు స్కాన్ చేసి చెయ్యి తిరిగిన విభాగం కాబట్టి, మొదట్లో క్యాసెట్లను కూడా స్కానర్ మీద పెట్టి స్కాన్ చేశారు. కలర్లో, ఏ సైడూ బి సైడూ రెండూ. ఆ బొమ్మల్లోంచి పాట ఎందుకు రావట్లేదో తేల్చడానికి ఒక ఉపసంఘం వేశారు. కంప్యూటర్‌కి స్పీకర్లు లేకపోవడమే కారణమని ఉపసంఘం తేల్చింది. స్పీకర్లు కొన్నారు. అప్పటికీ పాట రాకపోయేసరికి, చేసేది లేక, యంత్రం తెప్పించారు.

అది మామూలు యంత్రం కాదు, తెలివైన యంత్రం. టేపు తనే వింటుంది, పాడినవారి పేరు తనే పట్టుకుంటుంది, చెత్త శబ్దాలు తనే ఊడ్చేస్తుంది. పేరు పట్టుకునే పద్ధతికి తిరుగులేదు: రికార్డింగులో "మీ పేరేంటి?" అన్న ప్రశ్న రాగానే, ఆ వెంటనే వినపడే మొదటి మాటే పేరు. ఇంకెక్కడైనా ఇది సరిపోతుంది. మా గోదావరి జిల్లాల్లో మాత్రం మర్యాద తెలిసిన మనిషిని ఏమడిగినా ముందు "ఆయ్" అంటాడు. పేరడిగినా ఆయ్, ఊరడిగినా ఆయ్, కాలి మీద సైకిలెక్కించేసి దెబ్బ తగిలిందా అనడిగినా ఆయ్. మిగతా సంగతులన్నీ ఆ తరవాతే.

ఆ విధంగా ఉభయతీర విశ్వవిద్యాలయం వారు మహాగాయని ఆయ్ గారిని కనుగొన్నారు.

వందలాది క్యాసెట్లలో ఆవిడే. ఆడగొంతు, మగగొంతు, జలుబు చేసిన గొంతు, అన్నీ ఆవిడకి వశం. ఒకరోజు పొద్దున్న ధవళేశ్వరంలోనూ, అదే పొద్దున్న అంతర్వేదిలోనూ కచేరీ చేశారు. ఒక టేపులో చుట్ట విషయమై తనతో తనే గొడవపడ్డారు. ఆవిడ మీద జాతీయ సదస్సు జరిగింది. "ఆయ్ గారి గానంలో మౌనం పాత్ర" అనే అంశం మీద ఒకరికి డాక్టరేటు కూడా వచ్చింది. ఆడిటోరియానికి ఆవిడ పేరు పెట్టారు. విగ్రహం ఒక్కటే ఆగింది, చీర కట్టించాలా పంచె కట్టించాలా అన్నది తేలక.

ఇంతటి వైభవంలోకి నేను ఒక శీలావతి చేప వల్ల ప్రవేశించాను. ధవళేశ్వరంలో నాకు చేపలమ్మే రత్తమ్మగారు, ఆరోజు పొలుసు తీస్తూ తీస్తూ ఆగి, "యూనివర్సిటీలో మా అమ్మ పాట ఉందంటండి. మీరు పేపర్లో రాస్తారు కదా, కాస్త మాటాడి ఇనిపిస్తారాండీ?" అన్నారు.

వాళ్ళమ్మ బుజ్జమ్మ. ప్రొఫెసర్ గారు రేవుకొచ్చినప్పుడు ఆయన పెట్టెలో పాట పాడింది. ఆ మరుసటేడే జ్వరంతో పోయింది. రత్తమ్మగారు అప్పటికి చిన్నపిల్ల.

"మొహం గుర్తుందండి. నడక గుర్తుంది. గొంతే... ఎంత తలుచుకున్నా రావట్లేదండి. ఒక్కసారి ఇంటే చాలండి."

ఆ మాటతో నేను చేప కొనడం కూడా మరిచిపోయి, ఆవిడని వెంటబెట్టుకుని యూనివర్సిటీకి బయల్దేరాను. 

విభాగం సంచాలకులు నాగేశ్వరప్రసాద్ గారు మమ్మల్ని కూర్చోబెట్టి టీ ఇప్పించారు. ఈ జిల్లాల్లో పని కాదని చెప్పేముందు టీ ఇవ్వడం ఆచారం. సాంకేతిక అధికారిణి ఉషారాణిగారు కంప్యూటర్లో బుజ్జమ్మ అని కొట్టి చూశారు.

"ఆ పేరుతో ఎవరూ లేరండి. ఆయ్ గారొక్కరే ఉన్నారు."

"అది పేరు కాదండి బాబూ," అన్నారు రత్తమ్మగారు నోరెళ్ళబెట్టి. "పలకడం అండి అది!"

నాగేశ్వరప్రసాద్ గారు జాలిగా నవ్వారు. "చూడమ్మా, యంత్రానికి మన మీద ఏం కక్ష? అబద్ధం ఎందుకు చెబుతుంది?"

ఇంతలో ఆయనకి వైస్ ఛాన్సలర్ గారి నుంచి ఫోనొచ్చింది. ఆయన లేచి నిలబడి, "ఆయ్... ఆయ్ సార్... ఆయ్, అలాగే సార్," అన్నారు. మైకు తెరిచే ఉందేమో, ఆ ఎరిగిన పేరు వినపడగానే బల్ల మీది యంత్రం కుయ్యిమని, తెర మీద ప్రకటించింది: "మహాగాయని ఆయ్ గారి కొత్త గానం లభించినది. గాయని సజీవులు."

అందరం తెర వంకా, ఆయన వంకా మార్చి మార్చి చూశాం.

"అయితే సార్," అన్నాను, "ఆవిడ మీరేనన్నమాట."

ఆయన మొదట ఖంగు తిన్నారు. తరవాత ఆలోచనలో పడ్డారు. (ఆడిటోరియం గుర్తొచ్చి ఉంటుంది.) చివరికి తేరుకుని నిబంధన వినిపించారు: కళాకారులు బతికున్నట్టు తేలితే, వారి గొంతును వారికి తప్ప మరెవరికీ వినిపించరాదు. కాబట్టి రత్తమ్మగారు దయచేయవచ్చు.

ఉషారాణిగారు మాత్రం బంగారం లాంటి మనిషి. ఏమీ ఎరగనట్టు మైకును రత్తమ్మగారి ముందుకు జరిపి, "మీ పేరేంటండి?" అనడిగారు.

"ఆయ్, రత్తమ్మండి."

"సుస్వాగతం, ఆయ్ గారూ," అంది యంత్రం. భాండాగారం మొత్తం తెరుచుకుంది.

ధవళేశ్వరం రేవు రికార్డింగులు ఒక్కొక్కటే వేశారు. రత్తమ్మగారు మొదటి మాట వినగానే చెయ్యూపేసేవారు. "ఈయన పల్లంరాజు మావయ్యండి, తీసెయ్యండి." "ఈవిడ పెద్దింట్లమ్మత్తండి." డాక్టరేట్లున్న వాళ్ళకి ఒక్క మనిషిగా వినిపించినదంతా ఆవిడకి ఒక పేట. ఇంకో రికార్డింగు వేశారు. ప్రొఫెసర్ గారి గొంతు అడిగింది, "మీ పేరేంటమ్మా?"

"ఆయ్."

రత్తమ్మగారు కుర్చీలోంచి లేచిపోయారు. "మా అమ్మండి! మా అమ్మేనండి ఇది!" అంటూ నా భుజం పట్టుకుని ఊపేశారు. నేను పట్టలేని సంతోషంతో సంచాలకుల వారి బల్లను ఒక్క చరుపు చరిచాను. టీ ఒలికింది. ఒలికితే ఒలికింది.

ఆ తరవాత స్పీకర్లలోంచి ఏమీ రాలేదు. ఎంతసేపటికీ రాలేదు.

"పాటేదండి?" అన్నారు రత్తమ్మగారు.

ఉషారాణిగారు తెర వంకే చూస్తూ, చిన్నగా చెప్పారు. "రేవులో పాడారు కదండీ, వెనకాల నీళ్ళ చప్పుడుంటుంది. యంత్రం నీళ్ళ చప్పుడు తీసేసిందండి. పాట కూడా దాంతోపాటే పోయింది. పేరు కదా అని ఆ ఒక్క మాటా ఉంచింది."

"ఒక్క గరగర వినపడిందా చూడండి!" అన్నారు నాగేశ్వరప్రసాద్ గారు. "ఇంత శుభ్రం దేశంలో ఎక్కడా లేదు."

నాకు ఒళ్ళు మండింది. "అసలు క్యాసెట్ ఏదండీ?"

"భద్రంగా ఏసీలో ఉందండి."

"అయితే అది వెయ్యండి."

"వెయ్యడానికేం, వేస్తాం. కాకపోతే డిజిటైజ్ అయిపోయాక అసలుతో పనేముంది? దాని మీద మా పరిరక్షణ సంఘం మీటింగు రికార్డు చేశామండి. ఖాళీ క్యాసెట్లు ఈ రోజుల్లో ఎక్కడ దొరుకుతున్నాయి చెప్పండి?"

రత్తమ్మగారు ఆ ఒక్క మాటే మళ్ళీ వెయ్యమన్నారు. ఉషారాణిగారు వేశారు. మళ్ళీ వెయ్యమన్నారు. మళ్ళీ వేశారు.

"మా అమ్మ నాతో ఎప్పుడూ ఆయ్ అన్లేదండి," అన్నారు చివరికి. "నేను పిలిస్తే 'ఏంటే' అనేది. ఆయ్ అనడం మీలాంటి పెద్దోళ్ళతోనండి."

విన్నవారి అభిప్రాయం నమోదు చేయాలన్నది విభాగం నియమం. నాగేశ్వరప్రసాద్ గారు మైకు ఆవిడ దగ్గరికి జరిపి, ఎంతో మర్యాదగా అడిగారు, "క్వాలిటీ బాగుందామ్మా?"

రత్తమ్మగారు కొంగుతో మొహం తుడుచుకుని లేచి నిలబడ్డారు.

"ఆయ్," అన్నారు.

యంత్రం దాన్ని భద్రపరిచింది.