ఫలవృక్షం నంబరు పదిహేడు

బైపాస్ రోడ్డుకు పోయే పొలాల్లో మోకాలి లోతున పాతిన మనుషులకు కూడా చెట్ల కింద లెక్కగట్టి పరిహారం ఇస్తామని ఉత్తర్వు వచ్చిన మూడో రోజున చెన్నకేశవులు తన భార్య మంగాయమ్మను మిరప చేలో నాటాడు.

ఇందులో వింతేమీ లేదు. అంతకు ముందు సర్వే వాళ్లు వస్తున్నారంటే ఆ ఊరివాళ్లు బొప్పాయి మొక్కలు తెచ్చి గుచ్చేవాళ్లు. మొక్కకు వచ్చేది తక్కువ, మనిషికి ఎక్కువ. బిడ్డలను కన్నవాళ్లు ఫలవృక్షాలు, కననివాళ్లు కలప. మంగాయమ్మ ఇద్దరిని కన్నది. ఉద్యాన శాఖ అధికారిణి వచ్చి ఆమె భుజాలు పట్టి లాగి చూసింది. ఊడి రాలేదు. పదిహేడో నంబరు రేకు మెడలో వేయబోతే తాళి అడ్డం వచ్చింది. చెన్నకేశవులు దాన్ని వీపు మీదికి తిప్పాడు.

"ఎన్నాళ్లయ్యా?" అంది మంగాయమ్మ.

"ఇల్లు కురుస్తోంది గదా. పొలం డబ్బులతో కప్పు పడిందా, నిన్ను తవ్వుకుపోతా."

నిబంధనల్లో ఆ వీలు ఉంది. ఆఖరి కొలతల దాకా పేరు కొట్టేయించుకుని మనిషిని తీసుకుపోవచ్చు.

మొదట్లో అతను బిందెతో నీళ్లు మోసేవాడు. అన్నం కలిపి తెచ్చేవాడు. మధ్యాహ్నం గొడుగు పట్టుకుని నిలబడేవాడు. ఎనిమిదో రోజున కాలివేళ్లు దురద పెడుతున్నాయని ఆమె చెప్పింది. వేళ్లు దిగుతున్నాయని అధికారిణి రాసుకుంది. పక్క చేలో తల్లిని నాటిన రంగనాయకులు గట్టు మీదికి వచ్చి చూశాడు.

"ఏం పిన్నీ, ఇంకా చిగురు రాలేదే? మా అమ్మ అప్పుడే పూతకొచ్చింది."

"మీ అమ్మకు మొదట్నించీ తొందరే గదరా. తొందరపడి నిన్ను కాసింది. ఆ కాపు చూస్తూనే ఉన్నాం."

పన్నెండో రోజున ఆమె చెవి వెనక చిగురు వచ్చింది. ఆకు వేపాకులా ఉంది, నలిపితే మిరప వాసన. జనం వరస కట్టి వాసన చూసి వెళ్లారు.

పొలం డబ్బు అనుకున్నదానికి మూడింతలు పడింది. చెన్నకేశవులు కారు కొన్నాడు. బిందె మానేసి ట్యాంకర్ పంపాడు. తర్వాత తనూ వచ్చేవాడు గానీ కారు దిగేవాడు కాదు. అద్దం దించి, ట్యాంకర్ వాడితో, "ఆ చెట్టుకు ఇంకో నాలుగు బిందెలు పొయ్యి" అనేవాడు.

"కప్పు పడిందా?" అని అరిచింది మంగాయమ్మ.

"పడింది. పైన ఇంకో అంతస్తు కూడా లేచింది."

"అయితే తవ్వు."

"ఫలవృక్షాల రేటు పెంచుతున్నారంట. వారం ఆగు."

అద్దం పైకి లేచింది.

వారానికి ఆఖరి కొలతలు మొదలయ్యాయి. రంపాల వాళ్లు గట్టు మీద కూర్చుని టీ తాగుతున్నారు. అధికారిణి కాగితం తీసింది.

"ఇప్పుడు పేరు కొట్టేస్తే తవ్వుకుపోవచ్చు. సంతకం పెట్టాక చెట్టు ప్రభుత్వానిది, ఇవాళే కోసేస్తారు. ఈ డబ్బు మీకు అవసరమేనా?"

"అవసరమేం లేదమ్మా," అన్నాడు చెన్నకేశవులు. "కానీ వచ్చేదాన్ని ఎందుకు వదులుకోవాలి?"

అక్కడున్న వాళ్లెవరికీ అందులో తప్పు కనబడలేదు. అధికారిణి టేపు విప్పి మంగాయమ్మ చుట్టూ తిప్పింది. మంగాయమ్మ మొగుడి వైపు చూడలేదు.

"నాకెంత కట్టారమ్మా?"

"మామిడి కంటే ఎక్కువే."

"రంగనాయకులు వాళ్లమ్మ కంటే?"

"చుట్టుకొలతను బట్టి ఉంటుంది. ఆమెది నీకంటే రెండు అంగుళాలు ఎక్కువ."

ముప్పై రెండేళ్లు కాపురం చేసిన ఇంట్లో తన ఖరీదు ఎవరూ చెప్పగా ఆమె వినలేదు. గుండెల నిండా గాలి పీల్చి బిగబట్టింది. టేపు మూడు అంగుళాలు జరిగింది.

"రాసుకోండి," అన్నాడు చెన్నకేశవులు పెన్ను మూత తీస్తూ. "తొందరగా రాసుకోండి. ఆమె ఎంతోసేపు బిగబట్టలేదు."