చెయ్యి తగలని టెడ్డీ

"మానవ హస్తం సోకని బొమ్మకే ఇక్కడ స్థానం!"

కరీంనగర్‌లోని పురాతన టెడ్డీబేర్ల మ్యూజియం గుమ్మం మీద ఈ శాసనం బంగారు రంగులో మెరుస్తోంది. అది చదివి నాగయ్య మీసం దువ్వుకున్నాడు. ఆయన చంకలో మూడడుగుల టెడ్డీ ఉంది, ప్లాస్టిక్ కవర్‌తో సహా.

ముప్పై ఏళ్ల కిందట కూతురు వినోద కోసం దుబాయి నుంచి తెచ్చిన బొమ్మ అది. ఖానాపూర్‌లో దుబాయి వెళ్లొచ్చినవాళ్ల ఇళ్లలో టీవీ పక్కన ఇలాంటిదొకటి కవర్‌లోనే కొలువుంటుంది. కవర్ తీస్తే ఇంటి పరువు తీసినట్టే. నాలుగేళ్ల వినోద ఒకసారి దాని ముక్కు ముట్టబోతే, "కండ్లతోని సూడు, చేతులతోని కాదు" అని నాగయ్య గుడ్లురిమాడు. ఆమెకిప్పుడు ముప్పై నాలుగు. ఇంకా కళ్లతోనే చూస్తోంది.

"బాపూ, అద్దంల పెట్టేముందు ఒక్కపాలి పట్టుకుంటనే."

"తెలివుందా నీకు? గా బోర్డు సదువు. 'దాత నాగయ్య' అని ఇత్తడి పలక పెడుతరట. ఊరంతా చెప్పి వచ్చిన."

లోపల అద్దాల వెనక టెడ్డీలు బారులు తీరి ఉన్నాయి. ఒక్కదానికీ చెవి నలగలేదు, కన్ను ఊడలేదు. తమతో ఏ పిల్లా ఆడుకోలేదన్నదే వాటి ఘనత.

మ్యూజియం అధికారి శ్యాంసుందర్ తెల్ల గ్లౌజులు తొడుక్కుని, పోస్టుమార్టం చేసే డాక్టరంత గంభీరంగా కవర్ కత్తిరించాడు. ఇన్నాళ్లూ గోడవైపున్న చెంపను తిప్పి చూశాడు. ఆగాడు. వాసన చూశాడు.

"ఎడమ చెంప నొక్కుకుపోయి ఉన్నది. కొబ్బరినూనె మరక కూడా కలదు. దీన్ని ఎవరో చాలాకాలం తలగడగా వాడినట్టు రుజువైనది. నిబంధనల ప్రకారం తిరస్కరించడమైనది."

నాగయ్య గిర్రున కూతురి వైపు తిరిగాడు. "నువ్వేనా?"

"నేను ముట్టనన్న ముట్టలే బాపూ."

"చిన్నతనంల తెలువక పండుకున్నట్టుంది సార్. మాఫ్ చెయ్యుండ్రి," అని నాగయ్య అధికారికి చేతులు జోడించాడు.

ముట్టకుండా ముప్పై ఏళ్ల శిక్ష అనుభవించాక, ముట్టిన నేరం ఇవాళ వినోద మీద మోపారు!

తిరుగు బస్సులో టెడ్డీ ఇద్దరి మధ్యా కూర్చుంది. జగిత్యాల దాటేసరికి నాగయ్యకు కునుకు పట్టింది. తల పక్కకు ఒరిగింది. నేరుగా వెళ్లి టెడ్డీ ఎడమ చెంప గుంటలో, డబ్బాకు మూత పెట్టినట్టు సరిపోయింది.

వినోద ఆ గుంటనూ ఆ తలనూ మార్చి మార్చి చూసింది.

"బాపూ, దుబాయిల మీ రూంల తలగడ లేకుండెనా?"

నాగయ్య కళ్లు తెరవలేదు.

"చాపలిచ్చిండ్రు. తలగడ ఇయ్యలే. మొదటి జీతంతోనే నీకోసం గిది కొన్న. కవర్ తీసి, ఇంటికి వచ్చేదాక రెండేండ్లు..." ఆగాడు. తల మాత్రం ఎత్తలేదు. "ఊళ్ల మాత్రం నువ్వే అని చెప్త."

"చెప్పు," అంది వినోద, తల వాలుస్తూ. "జర అటు జరుగు. కుడి చెంప నాది."