కుందేలు గుమ్మంలో తుమ్మముల్లు

ఒక పెద్ద అడవిలో ఆపదలకు కొదవ లేదు గానీ, ఆపద వస్తే ఎవరు పరుగెత్తాలో మాత్రం ఎవరికీ తెలియదు. అందుకని సింహం సభ పెట్టి, ఎలుగు డాక్టరును సలహా అడిగింది.

"మన ఒంటిని చూసి నేర్చుకుందాం ప్రభూ," అన్నాడు డాక్టరు. "ముల్లు దిగగానే అక్కడి కణాలు రసాయనాలు వదులుతాయి. అవే కేకలన్నమాట. ఆ కేక విని రక్తనాళాలు వెడల్పై నీరు వదులుతాయి. తెల్లకణాలు పరుగున వచ్చి కనబడినదాన్నల్లా నమిలేస్తాయి. అవి కూడా కేకలేసి ఇంకొన్నిటిని పిలుస్తాయి. వాపు, ఎరుపు, వేడి, నొప్పి! రక్షణంటే అదీ!"

"మరి ఆపేదెవరు?" అని అడిగింది తాబేలు.

"చాలు చాలని చెప్పడానికి వేరే రసాయనాలున్నాయి."

"చాలు అనడానికి ఒక ఉద్యోగమా? ఆ పోస్టు రద్దు!" అంది సింహం.

డాక్టరు నోరు తెరిచాడు. సింహం పళ్లు చూశాడు. మూసేశాడు.

కేకలేసే పని తీతువుపిట్టకు ఇచ్చారు. కాలువ గేట్లెత్తే పని దున్నపోతుకు, తవ్వే పని అడవిపందులకు. వచ్చిన ప్రతి పందీ ఇంకో రెండిటిని పిలవాలి, లేకపోతే దానికి హాజరు పడదు.

మూడో రోజే కుందేలమ్మ బొరియ గుమ్మంలో ఒక తుమ్మముల్లు కనిపించింది. లోపల నాలుగు పసిపిల్లలు నిద్రపోతున్నాయి. ఆవిడ ముల్లును పళ్లతో పట్టి లాగబోయింది. అది తీతువు కంట పడింది.

"ముల్లు! ముల్లు! అడవి మునిగిపోయింది!"

దున్నపోతు గేట్లెత్తేసింది. గుమ్మం ముందు నేల నీళ్లు తాగి ఉబ్బింది. పది పందులు దిగాయి. హాజరు కోసం అవి ఇరవైని పిలిచాయి, ఆ ఇరవై నలభైని. ఎర్రమట్టి లేచి కళ్లు కనపడలేదు. అన్ని ఒళ్ల వేడికి ఆ చోటంతా పొయ్యిలా కాగింది.

"నాయనా, ముల్లు పీకేశాను! ఇదిగో నా నోట్లోనే ఉంది చూడండి!" అని మొత్తుకుంది కుందేలమ్మ.

"బాబోయ్! ముల్లు కుందేలైపోయింది!" అని అరిచింది తీతువు.

పందులన్నీ ఆవిడ మీదికి తిరిగాయి. నవ్వాలో ఏడవాలో నాకిప్పటికీ తెలియదు. కేకలు విని వచ్చి సిగ్గుతో చచ్చిపోతున్న డాక్టరు బొరియలో చెయ్యి పెట్టి, నాలుగు పిల్లల్నీ పొట్టకు హత్తుకుని పక్కనున్న ఏరు దాటేశాడు. వెనకాలే కుందేలమ్మ ఒక్క దూకు దూకింది. బొరియ కూలిపోయింది.

సాయంత్రం సింహం తనిఖీకి వచ్చింది.

"ముల్లుందా?"

"లేదు ప్రభూ!" అంది తీతువు.

"ఇల్లు?"

"అదీ లేదు ప్రభూ!"

"నేను మొదటిదే అడిగాననుకోండి," అంది సింహం. తీతువు మెడలో దండ పడింది.

కుందేలమ్మ ఏటి అవతల, ఎవరి రక్షణా లేని ముళ్లపొదలో కొత్త బొరియ తవ్వుకుని పిల్లలతో హాయిగా ఉంది.

నీతి: ముల్లు గుచ్చుకుంటే ఫర్వాలేదు, కేక మాత్రం వేయకండి, కాపాడేస్తారు.